బాదమే అని చెప్పాను

ఏడేళ్ళుగా ఒక బరువు మోస్తున్నానని రాయబోయి ఆగాను. అది అబద్ధం. తప్పు నాదే, కానీ ఏడేళ్ళూ దాన్ని మోసింది స్వప్న. నేను పక్కన నడుస్తూ, అప్పుడప్పుడు ఆమె వీపు నిమురుతూ, "ఊరుకో అమ్మా, జరిగిందేదో జరిగింది" అంటూ వచ్చాను.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియకపోవడమే మంచిది. పేర్లు మార్చాను. ఇంకేదీ మార్చలేదు. మార్చాలని చెయ్యి పోయిన చోటల్లా కొట్టేసి మళ్ళీ రాశాను.

మేము జర్మనీలోని కార్ల్స్‌రూహెకి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. మా ఆయన ఇంజనీరు. పిల్లలిద్దరూ చదువులకని వేరే ఊళ్ళకు వెళ్ళిపోయారు. నాకు ఈ ఊళ్ళో పేరు తెచ్చినది ఒక్కటే, క్రిస్మస్ ముందు ఇంట్లో చేసే బిస్కెట్లు. ఇక్కడివాళ్ళు వాటిని ప్లెట్స్‌షెన్ అంటారు. వచ్చిన కొత్తలో పై అంతస్తులో ఉండే ముసలావిడ నేర్పింది. నెలవంకల్లా వంచి వనిల్లా చక్కెర అద్దేవి, దాల్చినచెక్క నక్షత్రాలు, మధ్యలో జామ్ పెట్టేవి, కొబ్బరివి, నలుపూ తెలుపూ గళ్ళవి, అచ్చులతో కోసే వెన్న బిస్కెట్లు. ఏడో రకం నాదే, యాలకులు వేసి చేసేది. డిసెంబరు వస్తే తెలుగువాళ్ళ ఇళ్ళల్లో నా డబ్బాల కోసం ఎదురుచూసేవాళ్ళు. మా ఆయన ఆఫీసులో జర్మన్లు కూడా నా నెలవంకల్ని మెచ్చుకునేవాళ్ళు. ఆ మెచ్చుకోలు నాకు ఎంత అవసరమో అప్పుడు తెలియదు. ఇప్పుడు తెలుసు. ఎంత అవసరమంటే, దాని కోసం అబద్ధం ఆడేంత.

స్వప్నది కరీంనగర్ వైపు. భర్త కిరణ్ బ్లూ కార్డ్ వీసా మీద వస్తే, ఏడాది తర్వాత తనూ ఇక్కడే ఐటీ ఉద్యోగం చూసుకుంది. నాకన్నా పన్నెండేళ్ళు చిన్నది. ట్రామ్ స్టాపులో నా చేతిలో కరివేపాకు కట్ట చూసి పలకరించింది. అప్పటి నుంచి నేను అక్కను. వాళ్ళ పాప ఆద్యకు పెద్దమ్మను.

ఆద్యకు హేజెల్‌నట్ అనే గింజ పడదు. మూడో ఏట కీటాలో, అంటే ఇక్కడి బాలవాడిలో, ఎవరో పిల్లాడి రొట్టె మీది చాక్లెట్ పూత నాకితే పెదవులు ఉబ్బిపోయాయి. అప్పుడు పరీక్షలు చేసి చెప్పారు, బాదం ఫరవాలేదు, హేజెల్‌నట్ మాత్రం ప్రాణాల మీదకు వస్తుందని. అప్పటి నుంచి స్వప్న సంచిలో ఇంజెక్షన్ పెన్ను ఎప్పుడూ ఉండేది. కొట్లో ప్రతి ప్యాకెట్టూ తిప్పి వెనకాల చిన్న అక్షరాలు చదివేది. రెండుసార్లు చదివేది. ఒక్కోసారి ఇంటికొచ్చి మూడోసారీ చదివేది.

ఆ పిల్లకు నాలుగేళ్ళప్పుడు, క్రిస్మస్ ముందు వచ్చే అడ్వెంట్ రెండో ఆదివారం, మా ఇంట్లో కలిసి చేద్దామనుకున్నాం. స్వప్న వారం ముందే ఫోన్ చేసి బతిమాలింది, ఇంట్లో హేజెల్‌నట్ లేకుండా చూడమని. తీసేశానన్నాను. నిజానికి కింద సెల్లార్‌లో మా సామాను గదిలోకి చేర్చానంతే. ఒక ప్యాకెట్టు పొడి పారేయడం దేనికని. ఇంత దాకా తప్పేమీ లేదు. ఉందా? ఇన్నేళ్ళు తిరగేసి చూసినా నాకు ఆ గీత ఎక్కడ మొదలైందో సరిగ్గా దొరకదు.

పొద్దున పదింటికి వచ్చారు. కిరణ్ ఊళ్ళో లేడు, ఆఫీసు పని మీద వోల్ఫ్స్‌బర్గ్ వెళ్ళాడు. మా ఆయన క్రికెట్ వాళ్ళతో పోయాడు. వస్తూనే స్వప్న నా గిన్నెలు, గరిటెలు, పిండి కలిపే మిషన్ కొక్కేలు అన్నీ మళ్ళీ వేడినీళ్ళతో కడిగింది. నా కళ్ళముందే. నేను కడిగి తుడిచి పెట్టినవి. "ఏమనుకోకక్కా" అంది. "ఏమనుకుంటాను" అన్నాను. అనుకున్నాను. నా వంటింట్లో, నా చేతి శుభ్రం మీద, ఎవరో సందేహపడుతున్నారని అనుకున్నాను. పిండి ప్యాకెట్టు తిప్పి చదివింది. వెన్న చదివింది. చివరికి ఉప్పు డబ్బా కూడా. నాకు లోపల చిరచిరలాడింది. ఇంత అతి ఎందుకు, కాస్త పెదవి ఉబ్బినందుకు ఇంత రాద్ధాంతమా అనిపించింది. ఆ మాట ఎవరితోనూ అనలేదు. కానీ ఆ తర్వాత నేను చేసినదంతా ఆ మాటే నా చేత చేయించిందని నా నమ్మకం.

మధ్యాహ్నానికి నాలుగు రకాలు అయ్యాయి. ఆద్య అచ్చులతో వెన్న బిస్కెట్లు కోసి కోసి విసుగెత్తి గోల మొదలుపెట్టింది. నెలవంకల పిండి గంటసేపు ఫ్రిజ్‌లో ఉండాలి. ఈలోపు పాపను క్రిస్మస్ మార్కెట్ దాకా తిప్పుకొస్తానని స్వప్న బయలుదేరింది. రెండు స్టాపుల దూరం.

వాళ్ళు వెళ్ళాక చూసుకుంటే బాదం పొడి తక్కువైంది. నక్షత్రాలకే చాలా పోయింది. మొదటి ముద్ద కలిపి ఫ్రిజ్‌లో పెట్టాను, రెండో ముద్దకు సగమే మిగిలింది. ఆదివారం, కొట్లన్నీ మూత. మర్నాడు మా ఆయన ఆఫీసుకు రెండు డబ్బాలు ఒప్పుకున్నాను. ఒక్క డబ్బా పంపితే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. ఎవరూ అడిగేవాళ్ళు కూడా కాదు.

తాళం చెవి తీసుకుని సెల్లార్‌కి వెళ్ళాను. మా ఇల్లు మూడో అంతస్తు. దిగడానికి పట్టిన టైమంతా, ఎక్కడానికి పట్టిన టైమంతా నాకు ఆలోచించుకోవడానికి ఉంది. పొరపాటున చెయ్యి తగిలి పడిన పొడి కాదది. వెతికి, తెచ్చి, తూచి కలిపాను. ఇవి ఆఫీసు డబ్బాలోకే పోతాయి, పాపకు వేరే ఉన్నాయి, స్వప్న వచ్చేలోగా గిన్నె కడిగేస్తాను, అనుకున్నాను. గిన్నె కడిగాను కూడా. ప్యాకెట్టు మడిచి సొరుగులో అడుగున పెట్టాను. దాచేటప్పుడే మనిషికి తెలిసిపోతుంది కదా, చేస్తున్నదేమిటో?

కాలిన తర్వాత రెండో వాయి కొంచెం ముదురు రంగు వచ్చింది. వనిల్లా చక్కెర అద్దితే తేడా పోయింది. జాలీల మీద ఆరబెట్టాను. ఎడమ వైపు బాదంవి, కుడి వైపు ఇవి. తర్వాత నక్షత్రాల పళ్ళేనికి చోటు కావాల్సి వచ్చి జాలీలు జరిపాను. ఒకసారి జరిపాను. రెండోసారి కూడా జరిపానేమో. ఏ వైపువి ఏవో నాకు అప్పుడే ఖాయంగా తెలియదు.

వాళ్ళు తిరిగొచ్చేసరికి బయట మసక పడింది. ఆద్య బుగ్గలు చలికి ఎర్రబడి ఉన్నాయి. కోటు కూడా విప్పకుండా వంటింట్లోకి పరిగెత్తుకొచ్చి, ముని వేళ్ళ మీద నిలబడి ఒక నెలవంక అందుకుంది. స్వప్న గుమ్మంలో బూట్లు విప్పుతూ, అక్కడి నుంచే అడిగింది.

"అక్కా, ఇండ్ల హేజెల్‌నట్ ఏం లేదు గదా? ఒకటి తింట అంటున్నది."

ఆ పిల్ల కూడా తినలేదు. చేతిలో పట్టుకుని నా వైపే చూసింది. అమ్మ అడిగాక, పెద్దవాళ్ళు సరేనన్నాకే తినాలని నేర్పిన పిల్ల అది.

"లేదమ్మా. అంతా బాదమే. తిననీ" అన్నాను.

ఎందుకన్నాను? ఆ క్షణాన్ని ఎన్నిసార్లు విప్పి చూసుకున్నానో. ఉందని చెబితే స్వప్న మొహం ఎలా మారుతుందో కళ్ళకు కట్టింది. చేసినవన్నీ పారేయాలంటుంది, అన్నీ మళ్ళీ కడుగుతుంది, అక్క మాట మీద నిలబడలేదని మనసులో పెట్టుకుంటుంది. ఆ చిన్నతనం నేను పడలేకపోయాను. పాప చేతిలో ఉన్నది బాదందేనని, ఎడమ వైపు నుంచే తీసిందని నాకు నేను చెప్పుకున్నాను. చూశానా? చూడలేదు. చూడకూడదనే చూడలేదు.

రెండు తిన్నది.

కాసేపటికి గొంతు గోక్కుంది. తర్వాత దగ్గు. కడుపు నొప్పి అని ముడుచుకుంది, వాంతి చేసుకుంది. మెడ మీద దద్దుర్లు నా కళ్ళముందే పైకి పాకాయి. "అమ్మా" అంటే గొంతు బొంగురుగా, పెద్దమనిషి గొంతులా వచ్చింది. స్వప్న అరవలేదు, ఏడవలేదు. పాపను నేల మీద పడుకోబెట్టి, సంచిలోంచి పెన్ను తీసి తొడలో గుచ్చి, పెదవులు కదుపుతూ అంకెలు లెక్కపెట్టింది. "అంబులెన్స్‌కి చెయ్యక్కా" అంది. చేశాను. నా జర్మన్ తడబడింది. వీధి పేరు రెండుసార్లు చెప్పాల్సొచ్చింది.

ఆసుపత్రిలో పాపను లోపలికి తీసుకెళ్ళారు. ఒక యువ డాక్టరు బయటకు వచ్చి ఏమేం తిన్నదని అడిగింది. ఇంట్లో చేసిన బిస్కెట్లలో ఏమున్నాయని నన్నే అడిగింది, అవి చేసింది నేనని స్వప్న చెప్పింది కాబట్టి. వెన్న, మైదా, చక్కెర, బాదం అన్నాను. హేజెల్‌నట్? లేదు. ఖాయమేనా? ఖాయమే. ఇంకేమైనా తిన్నదా అంది డాక్టరు.

ఇక్కడి దాకా రాసి, మూడు రోజులు ఇది తెరవలేదు. దీని తర్వాతి వాక్యమే అసలైనది.

నేను స్వప్న వైపు తిరిగి, తెలుగులో, మెల్లగా, ప్రేమగా అడిగాను. "మార్కెట్‌లో ఏమన్నా తినిపించావా అమ్మా?"

ఆమె మొహంలో రంగు దిగిపోవడం చూశాను. మార్కెట్‌లో ఒక అంగడి దగ్గర తేనె, మసాలా వేసిన కేకు ముక్క కొన్నది. హేజెల్‌నట్ ఉందా అని అడిగిందట, లేదు, బాదమే అందట అంగడి ఆవిడ. చిన్న తునక పాపకు పెట్టింది. "నాకు సరిగ్గ అర్థం కాలేదేమో అక్కా. ఉన్నదన్నదేమో. నేనే లేదని ఇన్ననేమో" అంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. కాదని అనలేదు.

స్వప్నకు బట్టలు తెస్తానని చెప్పి మా ఇంటికొచ్చాను. మా ఆయన ఇంకా రాలేదు. నెలవంకలన్నీ, రెండు వాయిలవీ, కవర్లో పోసి ప్యాకెట్టుతో సహా కింద పెద్ద చెత్త డబ్బాలో పడేశాను. జాలీలు తోమాను. ఆ తర్వాత స్వప్న కోసం స్వెటర్, పళ్ళ బ్రష్షు సర్దాను. నా చేతులు వణకలేదని బాగా గుర్తు. అదే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది.

రాత్రికి ఆద్యకు మళ్ళీ ఊపిరి కట్టింది. ఇంటెన్సివ్ కేర్‌లో రెండు రోజులు గొట్టం పెట్టి ఉంచారు. కిరణ్ దొరికిన రైలు పట్టుకుని వచ్చాడు. అద్దం అవతల పాపను చూసి, ఇవతలికి తిరిగి, అందరి ముందూ భార్యను అన్నాడు. "రోజంతా లేబుల్స్ చదువుతవు. బజార్ల మాత్రం ఎవరో నోటితో చెప్తే నమ్మినవా? నువ్వు తల్లివేనా?" స్వప్న తలొంచుకుంది. నేను పక్కనే ఉన్నాను. "అలా అనకు కిరణ్, తనేం కావాలని చేసిందా" అన్నాను. విన్నవాళ్ళకు వెనకేసుకొచ్చినట్టుంది. నిజానికి ఆమే చేసిందని నేను ముద్ర వేశాను.

పాప బతికింది. దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. పాప బతికినందుకా, నేను బయటపడనందుకా? రెంటికీ ఒకే దణ్ణం పెట్టాను, విడదీయలేదు.

మిగతాది నెమ్మదిగా జరిగింది. స్వప్న ఉద్యోగం మానేసింది. పాపను కీటాకు పంపలేదు. పుట్టినరోజులకు పంపలేదు. నేను బాదమనే చెప్పాను కాబట్టి డాక్టర్లు బాదాన్నీ అనుమానించారు. మళ్ళీ రక్త పరీక్షలు, మళ్ళీ ఆసుపత్రిలో పడుకోబెట్టి గోరంత గోరంత తినిపించి చూడడాలు. ఆ సూదులన్నీ నా ఒక్క మాట వల్ల. చేతులు పగిలి నెత్తురు వచ్చేదాకా కడుక్కునేది స్వప్న. కిరణ్ ఇంగోల్‌స్టాట్‌లో ఉద్యోగం చూసుకుని ఇద్దర్నీ తీసుకుపోయాడు. ఒకే ఇంట్లో ఉంటారు, పాప గురించి తప్ప మాట్లాడుకోరని నాకు స్వప్నే చెప్పింది. ఎందుకంటే ప్రతి ఆదివారం నాకు ఫోన్ చేసేది. "ఆ రోజు నువ్వు లేకుంటే నేనేమైపోదునక్కా" అనేది. ఎన్నిసార్లు అన్నదో. నేను ప్రతిసారీ విన్నాను.

బిస్కెట్లు చేయడం మానేశాననుకుంటున్నారా? లేదు. మానేస్తే ఎవరైనా ఎందుకని అడుగుతారని మరో రెండేళ్ళు చేశాను, నెలవంకలతో సహా. ఆ తర్వాత మణికట్టు నొప్పి అని చెప్పి వదిలేశాను. మా ఆయన నా కోసం డాక్టరు దగ్గర టెర్మిన్, అదే అపాయింట్మెంట్, కూడా తీసుకున్నాడు. వెళ్ళి, లేని నొప్పి చూపించి వచ్చాను.

పోయిన డిసెంబరులో ఒక ఆదివారం స్వప్న ఫోన్‌లో ఏడ్చింది. ఆద్యకు ఇప్పుడు పదకొండేళ్ళు. క్లాసు వాళ్ళంతా ఒకరింట్లో ప్లెట్స్‌షెన్ చేసుకుంటుంటే పంపనన్నదట. పిల్ల తలుపు విసిరి జర్మన్‌లో అరిచిందట, నన్ను చంపబోయింది వాళ్ళు కాదు, నువ్వు అని. కిరణ్ పక్క గదిలోనే ఉండి అంతా విన్నాడట.

"అది అన్నదాంట్ల తప్పేమున్నదక్కా. నిజమే గదా" అంది స్వప్న.

అప్పుడైనా చెప్పానా? "పిల్లలు అంతేలే అమ్మా, కోపంలో ఏదో అంటారు" అన్నాను. ఫోన్ పెట్టేసి కూర తిరగమోత వేశాను. ఆ రోజు నాకు తెలిసింది, భయం ఎప్పుడో పోయిందని. పోలీసులా, నలుగురిలో పరువా, మా ఆయనా, నా నోరు కట్టేస్తున్నది ఇవేవీ కావు. ఆమె నన్ను అక్కా అని పిలవడం ఆగిపోతుందన్న ఒక్క సంగతే. నాకు ఆ పిలుపు మిగలడానికి ఒక తల్లి తన పిల్ల ముందు హంతకురాలిగా నిలబడింది.

ఫిబ్రవరిలో ఒక శనివారం రైలెక్కాను. ఊరికే చూడాలనిపించిందని చెప్పాను. కిరణ్ ఇంట్లో లేడు. స్వప్న పప్పు, బెండకాయ వేపుడు చేసింది. నేను తినలేదు. కంచం ముందు పెట్టుకునే చెప్పాను. సెల్లార్, ప్యాకెట్టు, జాలీలు, డాక్టరు, చెత్త డబ్బా. మార్కెట్ గురించి నేనెందుకు అడిగానో కూడా. దారి పొడుగునా చాలా మాటలు సిద్ధం చేసుకున్నాను. ఆదివారం కొట్లు లేవని, ఆఫీసుకు ఒప్పుకున్నానని, ఏ వైపువి ఏవో నాకు తెలియలేదని. అవి కూడా కొన్ని చెప్పాను.

అయ్యాక స్వప్న బల్ల మీది తన చేతుల్ని చూసుకుంది. గీతలు పడి, ఎండిపోయి, ముసలి చేతుల్లా ఉన్నాయి. లేచి పక్క గది తలుపు తీసి కూతుర్ని పిలిచింది. నన్ను అక్కా అనలేదు.

"నాకు చెప్పినట్టే దానికి చెప్పున్రి" అంది.

ఇన్నేళ్ళ పరిచయంలో ఆమె నన్ను మీరు అంటూ మాట్లాడటం అదే మొదటిసారి.

ఆద్య వచ్చి గుమ్మంలో నిలబడింది. నాకన్నా పొడుగైంది. తెలుగు అర్థమవుతుంది కానీ ఇలాంటి మాటలకు సరిపోదు, మొదటి వాక్యానికే జర్మన్‌లో చెప్పమంది. నా జర్మన్ కొట్లకు, ఆఫీసులకు, చుట్టుపక్కలవాళ్ళతో వాతావరణం గురించి మాట్లాడటానికి సరిపోయేది. తెలుగులో నేను అల్లుకొచ్చిన సమర్థింపులు వేటికీ నా దగ్గర జర్మన్ మాటలు లేవు. చిన్న చిన్న వాక్యాలే వచ్చాయి. బిస్కెట్లలో హేజెల్‌నట్ ఉంది. నేను వేశాను. నాకు తెలుసు. అమ్మ అడిగింది. నేను లేదన్నాను. డాక్టర్ అడిగింది. నేను లేదన్నాను.

"అయితే అమ్మ కాదా?" అంది పిల్ల, జర్మన్‌లోనే.

"కాదు. ఇష్ వార్ ఎస్." నేనే చేశాను.

ఆద్య తల్లి దగ్గరికి వెళ్ళలేదు. ఇద్దరూ గదికి చెరో వైపు నిలబడి ఒకరినొకరు చూసుకున్నారు, చాలా ఏళ్ళ తర్వాత ఏదో స్టేషన్లో ఎదురుపడి గుర్తుపట్టడానికి ప్రయత్నిస్తున్న మనుషుల్లా. ఆ గదిలో నాకు చోటు లేదు. కోటు తొడుక్కున్నాను. ఎవరూ ఆగమనలేదు. క్షమించమని అడగలేదు నేను, అడిగితే వాళ్ళ మీద ఇంకో పని పెట్టినట్టవుతుందనిపించింది.

అప్పటి నుంచి ఆదివారాలు ఫోన్ రాలేదు. కిరణ్‌కి చెప్పిందో లేదో తెలియదు. తల్లీకూతుళ్ళు ఇప్పుడెలా ఉన్నారో నాకు తెలియదు, తెలుసుకునే హక్కూ లేదు. మా ఆయనకు చెప్పాను. ఆయన టీవీ కట్టేశాడు, ఆ తర్వాత ఆ సంగతి ఎత్తలేదు.

ఇది మీకెందుకు రాస్తున్నాను? ఆ రోజు జర్మన్‌లో అన్న ఆ మూడు ముక్కలు తెలుగులో కూడా ఒకసారి, ఏ సాకూ తగిలించకుండా అనాలనిపించింది. ఆ పిల్లకు అది పెట్టింది స్వప్న కాదు. నేను. తెలిసి పెట్టాను, తెలిసి దాచాను. ఇంతే. రాసి చదువుకుంటే ఏమీ తేలికపడలేదు, కానీ ఏడేళ్ళలో మొదటిసారి నా మాట నాకు నిజంలా వినిపిస్తోంది.